ఎర్ర పట్టీ మీద మూడో గడువు

మార్చి 3, సోమవారం

ఈ డైరీ చిన్నోడిది. ఆఫీసులో ప్రతి ఏడూ ఒకటి ఇస్తారు. ఫిబ్రవరి పది దాకా వాడి రాత ఉంది. పదకొండో తారీకు పేజీలో "ముసలిదాని పైపు, పొద్దున్నే" అని మాత్రం ఉంది. ఆ తర్వాత అంతా తెల్లకాగితం. నాకు చదువు ఐదో తరగతితో సరి. అయినా రాస్తున్నాను. మనుషులతో చెప్పుకుంటే వాళ్ళయినా ఏడుస్తారు, నన్నయినా ఏడవొద్దంటారు. కాగితం రెండూ చెయ్యదు.

ముసలిదంటే ఓడ. ఇరవై ఎనిమిదేళ్ళదని రేవులో అందరూ దాన్ని అలాగే పిలుస్తారు. నా కొడుకు నావికాదళంలో ఇంజినీరు. ఓడ మీద ఉద్యోగం కాదు, ఒడ్డు మీద. తిరిగే ఓడల్లో ఏదైనా పాడైతే ఆ కబురు వీళ్ళ ఆఫీసుకి వస్తుంది. వైర్‌లెస్‌లో చెప్పి సరిచేయించగలిగితే సరే, లేకపోతే పడవెక్కి వెళ్ళి చూడాలి. "నేను ఓడలకి డాక్టర్నమ్మా" అనేవాడు. "అయితే నా మోకాళ్ళ నొప్పి తగ్గించరా" అంటే, "నిన్ను డాక్‌లో ఎక్కించి అడుగు నుంచి చూడాలి, ఇలా తిరుగుతుండగా కుదరదు" అనేవాడు.

ఈరోజు వాడి పై అధికారి, పెద్ద ఇంజినీరు, ఇంటికి వచ్చాడు. కుర్చీ చివర కూర్చున్నాడు. వాడి పనిముట్ల సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను కుట్టిన సంచే. శిక్షణ గదికి వాడి పేరు పెడతారట, బోర్డు రాయిస్తున్నారట. "మీ అబ్బాయిలాంటి ఇంజినీరు మళ్ళీ దొరకడమ్మా" అన్నాడు. చచ్చినవాడి కళ్ళు చారెడు. బతికున్నప్పుడు వాడు సెలవు చీటీ పెడితే ఈయన చెయ్యి పెన్ను దాకా వెళ్ళేది కాదు.

"విచారణ జరుగుతోంది. ఆ మెకానిక్ సంగతి తేలుస్తాం" అని లేచాడు.

ఓడ మెకానిక్. మంట లేచినప్పుడు ఇంజన్ గదిలో ఇద్దరే ఉన్నారట. ఒకడు పైకి వచ్చాడు. నా కొడుకు రాలేదు.

వాడు పైకి వచ్చాడు. నాకు ఆ ఒక్క ముక్క చాలు.

మార్చి 5, బుధవారం

పనిలోకి వెళ్ళాను. రేవులో కుట్టు షెడ్డు మాది. ఓడలకు కావలసిన కాన్వాసు తొడుగులు, సంచులు, ఎర్ర పట్టీలు మేమే కుడతాం.

"అప్పుడే వచ్చేశావేంటి వదినా?" అంది పక్క మిషను ఆమె. చుట్టరికం ఏమీ లేదు. ఇరవయ్యేళ్ళు పక్కపక్కన కూర్చునేసరికి ఒకరికొకరం వదినలమయ్యాం.

"ఇంట్లో గోడలు తప్ప ఎవరున్నారు?"

"ఇక్కడ నేనున్నాగా. రెండ్రోజులాగితే గోడలే నయమంటావు."

నవ్వు వచ్చింది. నవ్వినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

పొద్దుటి గోతాం నిండా ఎర్ర పట్టీలే. ఓడలో ఏ భాగమైనా పాడైతే, డాక్‌లో పెట్టే దాకా ఆగలేక, దానికి ఏదో ఒక కట్టు కట్టి నడిపిస్తారు. అలాంటి చోట ఎర్ర పట్టీ కట్టాలి. కాగితమైతే చమురుకు నానిపోతుందని కాన్వాసుతో కుడతాం. మధ్యలో తెల్లగుడ్డ ముక్క. ఒడ్డు ఇంజినీరు స్వయంగా చూసి, ఫలానా తేదీ దాకా నడపొచ్చని దాని మీద రాసి సంతకం పెడతాడు. ఆ గడువు దాటితే తిప్పకూడదు. పక్కాగా మరమ్మతు చేసేవాడే పట్టీ విప్పుతాడు. విప్పినవి మా దగ్గరికి వస్తాయి. తెల్ల ముక్క ఊడదీసి పొయ్యిలో వేసి, పట్టీని సోడాలో ఉడికించి, కొత్త ముక్క కుడతాం.

వదిన చెప్పింది, ముసలిదాని పైపుకు కట్టిన పట్టీ దొరకలేదట. ఆఫీసు పుస్తకం ప్రకారం గడువు జనవరి ఇరవైతో సరి. మెకానిక్ అది దాటాక కూడా ఇంజన్ తిప్పాడని కేసు. "వాడేమో, కాదు, మీ ఇంజినీరే మూడోసారి గడువు పెంచాడు అంటున్నాడంట."

"ఏ ఇంజినీరు?"

వదిన మిషను తొక్కింది.

పోయినవాడి మీదికి నెట్టడం ఎంత తేలిక! తిరిగి అడగడానికి నోరు లేదుగా.

మార్చి 6

సంచి తెరవలేదు.

మార్చి 7

సంచి తెరవలేదు. దుమ్ము తుడిచి మళ్ళీ గూట్లో పెట్టాను.

మార్చి 9, ఆదివారం

తెరిచాను.

రెంచీలు నాలుగు, టార్చి ఒకటి, చేతి తొడుగులు ఒక జత. ఆఫీసువాళ్ళు రాసిచ్చిన జాబితాలో ఎన్నున్నాయో అన్నే. వాళ్ళకు తెలియనిది ఒకటుంది. సంచి అడుగున రెండు పొరలు వేసి మధ్యలో ఒక జేబు కుట్టాను. నిచ్చెన దిగేటప్పుడు ఇంటి తాళంచెవి జారిపోతోందని వాడు అడిగితే కుట్టింది. చెయ్యి పెట్టి తడిమితే తప్ప కనపడదు.

తాళంచెవి ఉంది. దానితో పాటు నాలుగు మడతలు పెట్టిన ఎర్ర పట్టీ ఉంది.

మొదటి వరుస: నవంబరు 30 దాకా. కొట్టేసి ఉంది. రెండోది: జనవరి 20 దాకా. అదీ కొట్టేసి ఉంది. మూడోది: మార్చి 15 దాకా. దాని పక్కన సంతకం, సంతకం కింద జనవరి 21.

ఈ రాత వాడిది కాదు. వాడు రాస్తే గీత గీసినట్టు ఉంటుంది. ఇది కిందికి జారిపోతోంది. అదీగాక జనవరి 21న నాకు కంటి ఆపరేషన్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాడు నా మంచం పక్కనే ఉన్నాడు. ఓడ దగ్గరికి వెళ్ళనివాడు ఓడలో పైపు చూసి సంతకం ఎలా పెడతాడు?

వాడిది కాదు.

మార్చి 10

వాడిది కాదు.

చిన్నప్పటి నుంచి వాడు ఐదు అంకె రాస్తే పైన టోపీ పెట్టడు. "టోపీ ఏదిరా?" అని నెత్తిన మొట్టేదాన్ని. పట్టీ మీద 15లో ఐదుకి టోపీ లేదు.

చాలామంది అలాగే రాస్తారు.

మార్చి 13, గురువారం

షెడ్డు గేటు దగ్గర ఒక అమ్మాయి నా కోసం నిలబడి ఉంది. మెకానిక్ భార్యనని చెప్పింది.

"మీ ఆయన ఎలా ఉన్నాడు?" అన్నాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

"చేతులు కాలాయమ్మా. ఇంకా కట్లు విప్పలేదు."

"చేతులేగా."

ఆ మాట మింగేసింది. "సంచి మీ దగ్గరికే వచ్చిందటగా. పని మొదలుపెట్టే ముందు సారే పట్టీ విప్పి సంచిలో పెట్టుకుని, సంచి పైన వదిలి దిగారని ఆయన చెప్తున్నారు. ఎవరూ నమ్మట్లేదు. ఒక్కసారి చూస్తారా?"

"చూశాను. ఏమీ లేదు."

అబద్ధం అంత నున్నగా జారుతుందని నాకు తెలియదు.

"ఉద్యోగం పోతే పోనీండి. జైలంటున్నారమ్మా. మా పాప బడికి వెళ్ళనంటోంది. మీ నాన్న పారిపోయాడు అంటున్నారంట."

"పారిపోలేదా మరి?"

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. "పైపు విప్పుతుంటే చమురు చిమ్మింది. పక్క ఇంజన్ వేడిగా ఉంది. నేను గుడ్డ అదిమి పట్టుకుంటా, నువ్వు పైకెళ్ళి ట్యాంకు వాల్వు కట్టెయ్ అని సారే పంపారు. ఈయన కట్టేసి వచ్చేసరికి మంట లేచింది. మళ్ళీ దిగబోయాడు. నిచ్చెన ఇనుపది కదమ్మా. చేతులు దానికే అంటుకుపోయాయి."

లోపలికి వచ్చి కూర్చున్నాను.

"ఎవరు వదినా ఆ అమ్మాయి?"

"దారి అడిగింది."

"దారి చెప్పడానికి అంత చెమట పట్టాలా?"

దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

మార్చి 15, శనివారం

పట్టీ మీద రాసిన మూడో గడువు ఈరోజుతో సరి.

పెద్ద ఇంజినీరు షెడ్డుకు వచ్చాడు. ఈ ఇరవయ్యేళ్ళలో ఆ హోదా మనిషి ఇక్కడ అడుగుపెట్టడం చూడలేదు. నన్ను బయటికి పిలిచాడు.

"సంచిలో ఏమైనా దొరికితే నాకే ఇవ్వండమ్మా. ఇంకెవరికీ చూపించకండి. మీ అబ్బాయి పేరు కోసమే చెప్తున్నా."

"దొరికితే ఏమవుతుంది సార్?"

"దొరక్కపోతేనే అందరికీ మంచిది."

పాము చావకూడదు, కర్ర విరగకూడదు. నవంబరులో డాక్‌లో పెట్టాల్సిన ఓడను బదులుగా పంపడానికి ఇంకొకటి లేదని రెండుసార్లు సముద్రం మీదికి తోలింది ఈయనే. చిన్నోడు అన్నం ముందు కూర్చుని ఎన్నిసార్లు చెప్పాడో. "ముసలిదానికి అతుకు మీద అతుకు వేస్తున్నామమ్మా. పెద్దాయన్ని అడిగితే ఇంకొక్కసారి అంటాడు." నేనేమన్నాను? ముందు అన్నం తినరా అన్నాను.

మార్చి 16, ఆదివారం

పెద్దది వచ్చింది. అవతలి వీధిలోనే ఉంటుంది నా కూతురు. పట్టీ చూపించాను. చూస్తూనే ఏడ్చింది. "తమ్ముడి ఐదే ఇది" అంది. ఎవరూ అడగకుండానే.

తర్వాత కళ్ళు తుడుచుకుని, "కాల్చెయ్యమ్మా" అంది.

"మరి ఆ మెకానిక్?"

"కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. వాడు ఎలాగూ రాడు. ఆ గది మీద పేరన్నా ఉండనీ. రేపు నా పిల్లలకి ఏం చూపిస్తాను? చూడకుండా సంతకం పెట్టిన మామయ్య అని చెప్పనా?"

"అతనికీ ఒక పాప ఉందట."

"అతనికి ప్రాణం ఉంది. ఇంకేం కావాలి?"

నేను ఇన్నాళ్ళూ అనుకుంటున్నది అక్షరం పొల్లుపోకుండా అదే. దాని నోట వింటే ఎవరో పరాయి మనిషి మాటలా వినిపించింది.

మార్చి 18, మంగళవారం

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళారు. పట్టీ తీసి ముందు పెట్టుకున్నాను. ఉతకాల్సిన పట్టీయే కదా అనుకున్నాను. ఇన్నేళ్ళలో ఎన్ని వందలు విప్పానో లెక్కే లేదు. తెల్ల ముక్క ఊడదీసి పొయ్యిలో వేస్తే ఎవరూ అడగరు. అది నా పని.

కత్తెర మొనతో ఒక పక్క కుట్లు తెంపాను. రెండో పక్క తెంపాను. మూడో పక్క కూడా అయ్యేసరికి ముక్క తిరగబడింది. వెనకవైపు వేలికి గరుకుగా తగిలింది. పెన్ను గుచ్చి రాస్తే లేచే బొడిపెలు. మొదటి రెండు వరుసల వెనక నున్నగా ఉంది. మూడో వరుస వెనకే ఇలా ఉంది. గట్టి చోట పెట్టి రాస్తే ఇలా రావు. మెత్తటి దాని మీద పెట్టి రాస్తేనే వస్తాయి.

పరుపు మీద.

నాకు తెలుసు. సంచి తెరిచిన రోజే తెలుసు. తెరవక ముందే తెలుసేమో, అందుకే ఆరు రోజులు తెరవలేదేమో.

ఆ రోజు కంటికి కట్టు కట్టి పడుకోబెట్టారు. కదలొద్దన్నారు. వాడు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. గుమ్మం దగ్గర ఎవరిదో గొంతు వినపడింది.

"సార్, నిన్నటితో గడువు అయిపోయింది. సాయంత్రం ఓడ కదులుతోంది. ఒక్కసారి వచ్చి చూస్తే..."

"ఎలా ఉంది?"

"నా కంటికి బాగానే ఉంది సార్. అయినా మీరు చూడాలి కదా."

"అరగంటలో వచ్చేస్తానమ్మా" అని చిన్నోడు లేచాడు. నేను వాడి చొక్కా చెయ్యి పట్టుకున్నాను. భయం వేసి కాదు. కన్ను మంట పెట్టీ కాదు. వాడు ఎప్పుడూ ఓడలకే ఉంటాడు, ఈ ఒక్క రోజన్నా నాకు ఉండాలని. అంతే. "కన్న తల్లికి కన్ను కోస్తే కూర్చోలేవా? వాళ్ళ ఓడ ఇవాళే మునిగిపోతుందా ఏంటి? కూర్చో" అన్నాను.

వాడు మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. "ఆ పట్టీ ఇటివ్వు" అన్నాడు. నా చెయ్యి పక్కనే మంచం అంచున పెట్టుకుని రాశాడు. పెన్ను గుచ్చుకున్నప్పుడల్లా పరుపు కదలడం నా చేతికి తెలిసింది. "ఓడ తిరిగొచ్చాక స్వయంగా చూస్తా. చూశాకే పుస్తకంలో ఎక్కిస్తా" అన్నాడు. చూడకుండా పుస్తకంలో రాయకూడదన్న నీతి మాత్రం వాడికి మిగిలింది. ఓడ ఫిబ్రవరి పదికి గానీ తిరిగి రాలేదు. రేవు బయట లంగరు వేసిందని వినగానే పదకొండు పొద్దున్నే పడవెక్కాడు. టీ కూడా తాగలేదు.

కట్టు ఉన్నది ఒక్క కంటికే. రెండో కన్ను నేనే మూసుకున్నాను.

మార్చి 19

మూడు పక్కలా మళ్ళీ కుట్టాను. ఎర్ర దారం అయిపోయింది. తెల్ల దారంతో కుట్టాను.

మార్చి 21, శుక్రవారం

విచారణ గదికి వెళ్ళాను. పెద్దది రానంది. వదిన తోడు వచ్చి బయట బెంచీ మీద కూర్చుంది.

ముగ్గురు అధికారులు. ఒక పక్కన పెద్ద ఇంజినీరు. ఇంకో పక్కన మెకానిక్, కట్లు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని. నేను అటు చూడలేదు.

"ఇది ఎక్కడిది?"

"మా అబ్బాయి సంచిలోది."

"సంచి మేమంతా వెతికామమ్మా."

"సంచి వెతికారు. లోపలి జేబు నేను కుట్టింది."

మధ్యలో కూర్చున్నాయన పట్టీని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. "ఇక్కడ కొత్త కుట్టు ఉంది. ఎవరు విప్పారు?"

"నేనే."

"ఎందుకు?"

"ఉతికేద్దామని."

ఒకాయనకు నవ్వు వచ్చింది. తర్వాత అర్థమైంది కాబోలు, కాగితాలు సర్దుకున్నాడు.

"ముక్క మార్చలేదని నమ్మకం ఏంటి?"

"ఐదుకి టోపీ లేదు చూడండి. మీ పుస్తకాల్లో వాడి ఐదులు ఎన్నున్నాయో అన్నీ తీసి చూసుకోండి."

తెచ్చి చూశారు. చూశాక మధ్యలో ఆయన నెమ్మదిగా అడిగాడు. "అంటే మీ అబ్బాయి ఓడకి వెళ్ళకుండానే గడువు పెంచాడని మీరే చెప్తున్నారా?"

"వాడు లేచాడు. నేనే వెళ్ళనివ్వలేదు. ఓడ ఇవాళే మునిగిపోతుందా, కూర్చో అన్నాను. నా మాట కూడా రాయండి."

గుమాస్తా రాశాడు. చదివి వినిపించమన్నాను. "కుటుంబ కారణాల వల్ల తనిఖీ జరగలేదు" అని చదివాడు.

"నేను అన్నది అది కాదు నాయనా."

"రెండూ ఒకటేనమ్మా."

ఒకటేనట. "మొదటి రెండు గడువులకు ఎవరు ఒప్పుకున్నారో, డాక్‌లోకి ఎందుకు పంపలేదో, అది కూడా రాయండి" అన్నాను. పెద్ద ఇంజినీరు గోడ మీద గడియారం చూశాడు.

"అది ఈ విచారణలోకి రాదు" అన్నారు.

బయటికి వస్తుంటే నడవలో ఒక బోర్డు గోడకు ఆనించి ఉంది, మొహం గోడ వైపు తిప్పి. తాజా రంగు వాసన వస్తోంది. ఎండబెట్టడానికి పెట్టి ఉంటారు. ఇక దాన్ని తిప్పరు.

వదిన నా చెయ్యి పట్టుకుంది. దారిలో ఒక్క మాట కూడా అనలేదు. దానికి అది ఎంత కష్టమో నాకు తెలుసు.

మార్చి 22

పెద్దది మాట్లాడటం లేదు.

మార్చి 26, బుధవారం

మెకానిక్‌ను వదిలేశారు. సాయంత్రం ఇంటికి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. దణ్ణం పెట్టబోతే కట్ల చేతులు కలవలేదు.

"అమ్మా, ఆ రోజు ఆస్పత్రికి నేను రాకుండా ఉంటే..."

"వచ్చావు. రావడమే నీ పని. చూడమని అడిగావు కూడా."

"సారు చివరగా ఏమన్నారంటే..."

"చెప్పకు."

చెబుతాడేమోనని భయం వేసింది. చెప్పకపోతాడేమోనని కూడా. వాడి మొహం చూస్తే ఇప్పటికీ నాకు ఒకటే అనిపిస్తుంది, వీడు పైకి వచ్చాడని. తప్పని తెలుసు. తెలిసినంత మాత్రాన పోవడం లేదు.

"వెళ్ళు బాబూ. మీ పాపని బడికి పంపించు" అని తలుపు వేసుకున్నాను.

మార్చి 31

పెద్ద ఇంజినీరుకు బదిలీ అయింది. పై మెట్టుకే.

ఏప్రిల్ 4, శుక్రవారం

పొద్దున్న వదిన గోనెపట్టలో చుట్టి ఏదో పెద్ద పలక మోసుకొచ్చింది. చెత్త బండిలో వేస్తుంటే లాక్కొచ్చిందట. బోర్డు. వాడి పేరు, చదువు, హోదా, అన్నీ గుండ్రటి అక్షరాల్లో.

"కత్తిరింపు బల్లకి పలక చాలట్లేదని ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నాం, ఇస్తారా వీళ్ళు? ఇది సరిగ్గా సరిపోతుంది" అంది, నా వైపు చూడకుండా. తర్వాత గొంతు తగ్గించి, "పేరు పైకి పెట్టనా వదినా, కిందికి పెట్టనా?"

"కిందికి. పైకి పెడితే కత్తెర గీతలు పడతాయి."

అలాగే పెట్టింది. దాని మీద నేను, దాని కింద వాడు. రోజంతా కత్తిరించాను.

ఆఫీసు నుంచి చీటీ వచ్చింది, కొత్త ఎర్ర పట్టీలు రెండు వందలు కావాలని. తెల్ల ముక్క పాత కొలత నాలుగు వేళ్ళ వెడల్పు. దాని మీద మూడు వరుసలు, గట్టిగా ఇరికిస్తే నాలుగు కూడా పడతాయి. నేను ఒక్క వేలు వెడల్పు కోశాను. ఒక తేదీ, ఒక సంతకం. అంతే పడుతుంది.

మొదటి ఇరవై పట్టీలు తీసుకెళ్ళడానికి స్టోరు గుమాస్తా వచ్చాడు. ఒకటి తిప్పి చూశాడు.

"ఏంటమ్మా, ముక్క ఇంత చిన్నదైపోయింది? గడువు పెంచాలంటే రెండో తేదీ ఎక్కడ రాస్తారు?"

"గుడ్డ చాల్లేదు" అన్నాను.

"పోయిన వారమేగా కొత్త గుడ్డ తాను ఇచ్చాం?"

వదిన లేచి వెళ్ళి ఆ గుడ్డ తాను మీద కూర్చుంది. "వెతుక్కో నాయనా" అంది.

వాడు కాసేపు ఇద్దరినీ చూసి, ఇరవై పట్టీలూ లెక్కపెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇంకా నూట ఎనభై ఉన్నాయి.